అమెరికాలో పల్లె అంటే ఎట్లా ఉంటుంది? షికాగో చూశా, కాన్సాస్ చూడలేదు

బత్తాయి తోట (నల్గొండ)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద ప్రశ్న, ఓపిగ్గా చదవండి.

మా ఆయన డాక్టరు. షికాగోలో రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ చేసే ట్రైనింగ్) వచ్చే జూన్‌కి అయిపోతుంది. జే-1 వీసా మీద వెళ్లారు కాబట్టి అయ్యాక రెండేళ్లు ఇండియాకి తిరిగి రావాలి, లేదంటే డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. అట్లా ఒక్కో రాష్ట్రం ఏడాదికి 30 మంది డాక్టర్లను తీసుకోవచ్చు. మాకు కాన్సాస్‌లో పడమటి వైపు ఒక చిన్న టౌన్‌లో దొరికింది, జనాభా నాలుగు వేల లోపే. అంటే మన మండల కేంద్రం కన్నా చిన్నది.

పెళ్లయిన కొత్తలో నేను ఏడాది షికాగోలో ఉన్నా. డెవాన్ అవెన్యూకి పోతే గోంగూర నుంచి పోపు గింజల దాకా అన్నీ దొరికేవి, బస్సెక్కి రైలెక్కి ఎవరి సాయం లేకుండా నేనే పోయి వచ్చేదాన్ని. తర్వాత కాన్పుకి ఇక్కడికి వచ్చా, ఇంతలో నాన్నకి బాగోలేక ఇక్కడే ఆగిపోయా. బాబుకి రెండేళ్లు నిండబోతున్నాయి. ఇప్పుడిక పోవాలి.

మా అత్తమ్మ వాళ్లది అడవిదేవులపల్లి దిక్కు పల్లె. ఆమె "పట్నం కన్నా ఊరే నయం బిడ్డా, నలుగురు మనుషులుంటరు, పాలు పెరుగు మంచిగ దొరుకుతయి" అంటుంది. డల్లాస్‌లో ఉండే మా ఆడబిడ్డ మాత్రం "అక్కడ పిచ్చెక్కుతుంది వదినా, వద్దని చెప్పు అన్నకి" అంటుంది. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో అర్థం కావట్లేదు.

అభివృద్ధి చెందిన దేశం కదా, పల్లెలో కూడా సిటీలో ఉన్నవన్నీ ఉంటాయి, కాకపోతే కొంచెం చిన్నగా ఉంటాయి అని నా ధీమా. తప్పా? నిజంగా అక్కడి సిటీకీ పల్లెకీ తేడా ఎంత? పల్లెల్లో ఉన్నవాళ్లు చెప్పండి, న్యూజెర్సీ వాళ్ల సలహాలు నాకు ఇప్పటికే చాలా వచ్చాయి.

అచ్చంపేట అడవి (కాన్సాస్)

చెల్లీ, ఏడేళ్ల నుంచి నేనుండేది ఆ పడమటి కాన్సాస్‌లోనే. మా ఆయన ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్తారు. మీ అత్తమ్మ చెప్పిందీ, మీ ఆడబిడ్డ చెప్పిందీ రెండూ సగం సగం నిజం. అన్నిటికన్నా ముందు "ఊరు" అనే మాట మనసులోంచి తీసెయ్. ఇక్కడ ఊరు లేదు.

మన దగ్గర ఊరంటే ఏంటి, ఇళ్లన్నీ ఒక్క చోట, చుట్టూ చేన్లు. పొద్దున చేనుకి పోతారు, చీకటి పడితే ఊళ్లోకి వస్తారు, రచ్చకట్ట దగ్గర నలుగురూ కూర్చుంటారు. ఇక్కడ రైతు కాపురం చేన్లోనే. ఎందుకు అట్లా అని నేను వచ్చిన కొత్తలో మా పక్కింటి ముసలాయన్ని అడిగితే (పక్కిల్లు అంటే ముప్పావు మైలు అవతల) ఆయన 1862 నుంచి మొదలుపెట్టాడు. ఆ ఏడాది హోమ్‌స్టెడ్ చట్టం తెచ్చి ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చారు. కానీ షరతు ఉంది, ఆ భూమిలోనే ఇల్లు కట్టుకొని ఐదేళ్లు ఉండి సాగు చేస్తేనే పట్టా. ఊళ్లో ఉండి చేనుకి పోయొస్తాం అంటే కుదరదు. భూమినంతా మైలు పొడవు మైలు వెడల్పు గళ్లుగా కొలిచి పెట్టారు, ఒక గడి 640 ఎకరాలు, నాలుగో వంతు ఒక కుటుంబానికి. అంటే గడికి నాలుగు ఇళ్లు. ట్రాక్టర్లు పెద్దవైన కొద్దీ ఒక్కడే వేల ఎకరాలు చేసుకోవడం మొదలైంది, ఆ నాలుగు ఇళ్లలో మూడు పోయాయి. ఇప్పుడు చాలా కౌంటీల్లో (మన జిల్లాల లాంటివి) వందేళ్ల కింద ఉన్నంత జనం కూడా లేరు. (ఆ భూములు అంతకు ముందు ఎవరివి అంటే అది వేరే కథ. అక్కడి ఆదివాసులని వెళ్లగొట్టి పంచారు. ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు మా నల్లమల చెంచులు గుర్తుకొస్తారు.)

మీరుండేది టౌన్ లోపల కాబట్టి అంత ఘోరంగా ఉండదు. రోడ్లు బాగుంటాయి, కరెంటు పోదు, ఇల్లు షికాగో అద్దెలో సగానికే పెద్దది వస్తుంది. నీ ధీమా అక్కడిదాకా కరెక్టే. తేడా అంతా దూరంలో ఉంది. ఇండియన్ షాపు మాకు విచిటాలో, 180 మైళ్లు. నల్గొండ నుంచి హైదరాబాద్ పోయి, తిరిగొచ్చి, మళ్లీ పోయినంత. నెలకి ఒకసారి పోతాం, కారులో ఐస్ డబ్బాలు పెట్టుకొని. పచ్చిమిర్చి, కరివేపాకు కడిగి ఆరబెట్టి ఫ్రీజర్లో పెట్టడంలో నేను ఇప్పుడు ఎక్స్‌పర్ట్‌ని.

దవాఖాన సంగతి నీకన్నా మీ ఆయనకే బాగా తెలుస్తుంది. చిన్న టౌన్లలో ఉండేవి చాలావరకు క్రిటికల్ యాక్సెస్ హాస్పిటల్స్, 25 మంచాలు దాటకూడదు, ఎమర్జెన్సీ మాత్రం 24 గంటలూ ఉంటుంది. గుండెనొప్పి అంటే అక్కడ ప్రాణం నిలబెట్టి హెలికాప్టర్లో పెద్ద సిటీకి పంపిస్తారు. కాన్పులు చేయడం చాలా చోట్ల ఆపేశారు, ఏడాదికి పదో ఇరవయ్యో కాన్పుల కోసం డాక్టర్నీ నర్సుల్నీ పెట్టుకోవడం వాళ్లకి గిట్టుబాటు కాదు. నా చిన్నదానికి నేను తొంభై మైళ్లు పోవాల్సి వచ్చింది. మంచు పడే నెల, దారిలో ఏమవుతుందో అని టెన్షన్‌తో వారం ముందే పోయి హోటల్లో దిగాం. రెండోబిడ్డ ఆలోచన ఉంటే ఇది ఇప్పుడే ఆలోచించుకో.

దిండి వాగు (దేవరకొండ)

అక్కా, కోపం తెచ్చుకోకండి, ఇవి కష్టాలంటే మాకు నవ్వొస్తుంది. హెలికాప్టర్లో తీసుకుపోతారట! మా తండా నుంచి మనిషిని మెయిన్ రోడ్డు దాకా మంచం మీద మోసిన రోజులు నాకు తెలుసు. ఇప్పటికీ ఆర్టీసీ బస్సు రోజుకి రెండుసార్లే, అది కూడా పండగ పూట నమ్మకం లేదు. మా పాలమూరు, దేవరకొండ దిక్కు జనం ముంబై, పుణె పోయి రాళ్లు మోసింది ఎందుకు, ఇక్కడ ఏమీ లేకనే కదా. 2011 లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో వందకి సుమారు 85 మంది పల్లెల్లోనే ఉన్నారు. అమెరికాలో 2020 లెక్కల ప్రకారం వందకి 20 మందే పల్లె జనం. అంత తక్కువ మందికి అన్ని సౌకర్యాలు ఇవ్వడం అంత డబ్బున్న దేశానికి ఒక లెక్కా?

అచ్చంపేట అడవి (కాన్సాస్)

తమ్ముడూ, కోపం ఎందుకు, నీ మాట నిజమే. నేను పుట్టింది కూడా అచ్చంపేట అవతల, మాకూ తెలుసు ఆ మంచం మోత. కానీ నువ్వన్న లెక్కే తిరగేసి చూడు. తక్కువ మంది ఉంటే ఇవ్వడం తేలిక కాదు, కష్టం. నీకు బస్సు రెండుసార్లైనా వస్తుంది, మాకు అసలు బస్సే లేదు. చుట్టూ నలభై మైళ్లలో డబ్బులిచ్చి ఎక్కే బస్సు, ఆటో ఏదీ నేను చూడలేదు. పిల్లల పసుపు రంగు స్కూల్ బస్ ఒక్కటే. కారు లేని మనిషి ఇక్కడ కాళ్లు లేని మనిషి కింద లెక్క. మా రోడ్డు చివర ఒక పెద్దావిడ చూపు తగ్గి లైసెన్స్ పోగొట్టుకుంది, ఆ రోజు నుంచి పాపం ఆమె ఇంట్లో ఖైదీ. మీ అమ్మకి చూపు తగ్గితే ఏమవుతుంది, ఊళ్లోనే నడుచుకుంటూ నాలుగిళ్లు తిరుగుతుంది.

డబ్బున్న దేశం అన్నావు, 1930ల మధ్యలో అమెరికా సిటీల్లో పదింట తొమ్మిది ఇళ్లకి కరెంటు ఉంటే పల్లె రైతుల్లో పదింట ఒక ఇంటికే ఉండేది. కంపెనీలు మేం తీగ వేయం పొమ్మన్నాయి. మైలుకి రెండు మూడిళ్ల కోసం స్తంభాలు వేస్తే మాకేం మిగులుతుంది అన్నాయి. 1936లో చట్టం చేసి ప్రభుత్వం అప్పులిస్తే రైతులే సొసైటీలు పెట్టుకొని లైన్లు లాక్కున్నారు. మా ఇంటి కరెంటు బిల్లు ఇప్పటికీ ఆ రకం సొసైటీకే కడతాం. ఇంటర్నెట్‌కి కూడా అదే కథ నడుస్తోంది, టౌన్ దాటితే చాలా మంది ఉపగ్రహం డిష్ పెట్టుకున్నవాళ్లే.

ఇంకోటి, బోర్ల గురించి. మన పాలమూరులో బోరు ఎండిపోతే పడే బాధ ఇక్కడా ఉంది. ఓగలాలా అని ఎనిమిది రాష్ట్రాల కింద భూగర్భ జలం ఉంది, ఎన్నో ఏళ్లుగా తోడి తోడి మా దిక్కు బాగా కిందికి పోయింది. విమానంలోంచి చూస్తే చేన్లు గుండ్రంగా పళ్లాలు పరిచినట్టు కనపడతాయి, గుండ్రంగా తిరిగే పైపులతో నీళ్లు పెడతారు కాబట్టి. ఆ పళ్లాలు ఒక్కొక్కటే ఎండు రంగులోకి మారుతున్నాయి. రైతు ముఖం మాత్రం ఎక్కడైనా ఒకటే, పొద్దున కాఫీ దగ్గర వాళ్లు మాట్లాడేదీ వాన గురించే.

జూరాల గేట్లు (జర్మనీ)

అభివృద్ధి చెందిన దేశం అనగానే అమెరికానేనా? మాది గద్వాల, ఇప్పుడు బవేరియాలో ఒక పల్లెలో అద్దెకి ఉంటున్నా, మ్యూనిక్‌లో అద్దెలు భరించలేక వచ్చా. ఇక్కడ అచ్చంపేట అక్క చెప్పినదానికి పూర్తిగా వేరు. పల్లె మన పల్లెలాగే ఉంటుంది, ఇళ్లన్నీ గుంపుగా, నడిమిట్ల చర్చి, చుట్టూ చేన్లు, పొద్దున ఐదింటికే పేడ వాసన. మొదటి రోజు ఆ వాసనకి నాకు ఇల్లు గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నవ్వుకోండి.

అగ్గి పడితే ఆర్పడానికి జీతగాళ్లు ఉండరు, ఊరివాళ్లే. వడ్రంగి, బ్యాంకు గుమాస్తా, పాల రైతు, అందరూ సైరన్ మోగితే పని వదిలి ఉరుకుతారు. నన్నూ చేరమన్నారు, చేరా. జర్మన్ భాష నాకు క్లాసులో కన్నా అక్కడే ఎక్కువ వచ్చింది, బీరు దగ్గర ఇంకొంచెం ఎక్కువ వచ్చింది. సిటీలో మూడేళ్లున్నా పక్క ఫ్లాట్ ఆయన పేరు నాకు తెలియదు.

కానీ బస్సు స్కూలు టైముకే, శని ఆదివారాలు దాదాపు లేనట్టే. దేశమంతా తిరిగే నెల టికెట్ 2023 మేలో 49 యూరోలకి మొదలుపెడితే సిటీ వాళ్లు పండగ చేసుకున్నారు, మా పల్లె వాళ్లు మాత్రం టికెట్ ఇచ్చారు సరే, బస్సు ఏది అన్నారు. ఆదివారం అన్ని కొట్లూ బంద్. ఉన్న ఒక్క డాక్టరు ముసలాయన, ఆయన తప్పుకుంటే ఎవరొస్తారో తెలియదు. ఇక్కడ కొన్ని రాష్ట్రాల్లో మెడికల్ సీట్లలో కొన్ని పక్కన పెట్టి, చదివాక పదేళ్లు పల్లెలో పనిచేస్తాం అని రాసిచ్చిన పిల్లలకి ఇస్తున్నారు. మీ ఆయన మూడేళ్ల మాట లాంటిదే, కాకపోతే అమెరికా బయటి నుంచి వచ్చినవాళ్లతో ఆ పని చేయించుకుంటోంది.

మర్రిగూడ నీళ్లు (మిస్సోరి)

ఆలస్యంగా చూశాను. చెల్లెమ్మా, అందరూ కారు గురించి, కరివేపాకు గురించి చెప్పారు, నేను నీళ్ల గురించి చెప్తా. నల్గొండ మనిషివి కాబట్టి వెంటనే అర్థమవుతుంది.

మాది మర్రిగూడ. బావి నీళ్లలోని ఫ్లోరైడ్‌తో మా పెదనాన్న నలభై ఏళ్లకే నడుం వంగిపోయి, నేల చూసుకుంటూ నడిచేవాడు. మా అందరి పళ్ల మీదా గోధుమ రంగు గీతలే. భగీరథ నల్లా వచ్చినంకనే మా ఊళ్లో చిన్నపిల్లలు తెల్లగా నవ్వుతున్నారు. నేను ఇక్కడికొచ్చి నీళ్ల పరీక్షల ల్యాబ్‌లో చేరిన మొదటి వారం మా సూపర్‌వైజర్ "మేం నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతాం" అంటే నాకు గుండె ఆగినంత పనైంది. నిజమే, పళ్లు పుచ్చిపోకుండా లీటరుకి 0.7 మిల్లీగ్రాములు ఉండేలా కలుపుతారు, 1945లో గ్రాండ్ రాపిడ్స్ అనే సిటీలో మొదలైంది. ఇప్పుడు దాని మీద గొడవలు నడుస్తున్నాయి, 2025లో యూటా రాష్ట్రం కలపడం ఆపేసింది. ఆ మోతాదుకి భయపడొద్దు, మన బావుల్లో ఉన్నది దానికి ఎన్నో రెట్లు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. సిటీలో గానీ టౌన్‌లో గానీ నల్లా నీళ్లకి చట్టం ఉంది, సరఫరా చేసేవాళ్లు పరీక్ష చేసి ఏటా రిపోర్ట్ ఇవ్వాలి. టౌన్ దాటి అర మైలు అవతల ఇల్లు తీసుకున్నావనుకో, అక్కడ సొంత బోరు, సొంత సెప్టిక్ ట్యాంక్. ఆ బోరు నీళ్లకి ఫెడరల్ చట్టం వర్తించదు. అందులో ఏముందో చూసుకోవాల్సింది ఇంటివాళ్లే. అమెరికాలో నాలుగు కోట్ల మందికి పైగా ఇట్లాంటి సొంత బోర్ల నీళ్లే తాగుతున్నారు, వాళ్లలో పరీక్ష చేయించేది ఎంతమంది అని అడగకు, మా ల్యాబ్‌కి వచ్చే సీసాలు చూస్తే నాకు తెలుసు. చుట్టూ మొక్కజొన్న, గోధుమ చేన్లు, వేసిన ఎరువులోని నైట్రేట్ నీళ్లలోకి దిగుతుంది. నైట్రేట్ లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటితే నెలల పిల్లలకి చాలా ప్రమాదం, నీళ్లు మరగబెడితే కూడా పోదు, ఇంకా చిక్కబడుతుంది. మీ వాడికి రెండేళ్లు కాబట్టి అంత భయం లేదు, కానీ ఇల్లు మాట్లాడేటప్పుడు మొదట అడగాల్సింది ఇది బోరా, టౌన్ నీళ్లా అని. బోరైతే నైట్రేట్, కోలిఫామ్ (నీళ్లలో మురికి కలిసిందని చూపే బ్యాక్టీరియా) పరీక్ష ఏడాదికి ఒకసారి తప్పదు.

ఒక ముచ్చట చెప్పి ఆపుతా. మా ల్యాబ్‌లో ఒక పాత పుస్తకంలో "నల్గొండ టెక్నిక్" అని ఒక పాఠం కనపడింది. పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేసే పద్ధతి, నాగ్‌పూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థ వాళ్లు కనిపెట్టి మన జిల్లా పేరు పెట్టారు. ఇది మా ఊరు అని అందరికీ చూపించా. ఊరి పేరు అమెరికా దాకా వచ్చింది, ఏ కారణంతో వచ్చిందో చూడండి.

బత్తాయి తోట (నల్గొండ)

అందరికీ చాలా థ్యాంక్స్, రాత్రి రెండుసార్లు చదివా. మర్రిగూడ అన్నా, వెంటనే మా ఆయనకి ఫోన్ చేసి అది బోరు నీళ్లా అని అడిగితే "తిప్పితే వస్తాయి కదా, నాకేం తెలుసు" అన్నారు. డాక్టరు! కనుక్కుంటా అన్నారు.

నాకు స్కూటీ తప్ప ఏదీ నడపడం రాదు. అదే ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద పరేషాన్. ఇంకోటి, నేను ఇక్కడ స్కూల్లో టీచర్‌ని, అక్కడ ఇంట్లో కూర్చోవడం తలుచుకుంటేనే ఏదోలా ఉంది. అచ్చంపేట అక్కా, నువ్వు ఏడేళ్లు ఎట్లా ఉన్నావు, నిజం చెప్పు.

అచ్చంపేట అడవి (కాన్సాస్)

నిజం చెప్పమన్నావు కాబట్టి చెప్తా. మొదటి చలికాలం రోజూ ఏడ్చా. సాయంత్రం ఐదున్నరకే చీకటి, బయట గాలి హోరు తప్ప మనిషి మాట వినపడదు. ఆయన హెచ్1 లోకి మారితే నీకు వచ్చేది హెచ్4 (భార్యకిచ్చే వీసా), ఆయన గ్రీన్ కార్డు పని ఒక దశ దాటేదాకా దాని మీద ఉద్యోగం చేయనివ్వరు. అది గట్టిగా తెలుసుకొనే రా. సిటీలో అయితే అదే హెచ్4 మీద ఉన్నవాళ్లు పది మంది తెలుగువాళ్లు ఉంటారు, బోనాలో బతుకమ్మో ఏదో ఒకటి నడుస్తుంది. ఇక్కడ బతుకమ్మకి నేనొక్కదాన్నే పేర్చి, నా పిల్లలతో, ఇద్దరు మెక్సికో అమ్మాయిలతో ఆడా. ఇక్కడ మాంసం ప్యాకింగ్ పనికి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లూ మనలాగే దూరం వచ్చినవాళ్లు.

లైబ్రరీకి పో, అది నన్ను బతికించింది. చిన్న టౌనైనా లైబ్రరీ ఉంటుంది, వారానికోసారి చిన్నపిల్లలకి కథలు చెప్తారు, నువ్వు టీచరువి కదా, ఊరికే సాయానికి వస్తా అంటే ఎగిరి గంతేస్తారు. డాక్టరు భార్య అంటే ఇక్కడ అందరికీ తెలిసిపోతుంది, నీ బండిలో ఏం సరుకులున్నాయో కూడా తెలిసిపోతుంది, దానికి సిద్ధంగా ఉండు. ఎదురొచ్చే బండివాడు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు లేపుతాడు, అది పలకరింపు. నువ్వూ లేపాలి, లేకపోతే కొత్త డాక్టరమ్మకి పొగరు అంటారు.

డ్రైవింగ్ అక్కడే నేర్చుకొని రా, క్లాక్ టవర్ సెంటర్లో ఆటోల మధ్య నడిపినదానివి ఇక్కడ రోడ్డు ఖాళీగా ఉందని భయపడతావు అంతే. మంచు, పొద్దుగూకే వేళ జింకలు, ఆ రెండూ ఇక్కడికొచ్చాక నేర్చుకోవాల్సినవి.

దిండి వాగు (దేవరకొండ)

అక్కా, నేను నవ్విన మాట వాపస్ తీసుకుంటున్నా. ఒక్క డౌట్, అక్కడ జొన్నరొట్టె దొరుకుతుందా? లేకపోతే మా చెల్లె పోవద్దు.

అచ్చంపేట అడవి (కాన్సాస్)

తమ్ముడూ, అమెరికాలో జొన్న అన్నిటికన్నా ఎక్కువ పండేది కాన్సాస్‌లోనే! మైలో అంటారు. సెప్టెంబర్ వచ్చిందంటే మా ఇంటి ముందు కనుచూపు మేర ఎర్ర జొన్న కంకులే, చూస్తే మక్తల్ దిక్కు పోతున్నట్టు ఉంటుంది. కానీ ఇక్కడ అది పశువుల దాణాకి, ఇథనాల్‌కి పోతుంది, మిగిలింది ఓడెక్కుతుంది. రొట్టె చేస్తారని చెబితే మా పక్కింటాయన నమ్మలేదు, చేసి పెడితే వెన్న రాసుకొని తిన్నాడు. తినే తెల్ల జొన్న పిండి నేను విచిటా నుంచే తెచ్చుకుంటా, ఎంత విడ్డూరమో చూడు, జొన్న చేను పక్కన ఉండి జొన్నపిండికి 180 మైళ్లు పోవడం.

చెల్లీ, రొట్టె పెనం ఒకటి తెచ్చుకో, ఇక్కడివి పలచగా ఉంటాయి, మాడిపోతాయి.